పరదేశపు అంగళ్లలో పంక్ రికార్డుల వేట

దేశాటనము చేసి వచ్చినవారు ఏదో యొక వస్తువును వెంట తెచ్చుకొనుట లోకసహజము. కాశికి పోయినవారు గంగనీటి చెంబు తెత్తురు. కొండపల్లికి పోయినవారు బొమ్మలు తెత్తురు. విదేశములకు పోయినవారు గడియారమో, అత్తరుసీసాయో, పిల్లలకు చాకలెట్ల డబ్బాయో తెత్తురు. ఈ యాత్రికుల నడుమ వేరొక జాతివాడు కలడు. అతడు క్రొత్త నగరమున దిగినతోడనే రాజభవన మెక్కడ, వస్తుప్రదర్శనశాల యెక్కడ అని అడుగడు. పాత గ్రామఫోను రికార్డు లమ్ము అంగడి ఏ సందులో నున్నదని అడుగును. అక్కడికి పోయి, రెండుమూడు గంటలు నిలువుకాళ్లమీద నిలిచి, దుమ్ముపట్టిన పెట్టెలలోని రికార్డులను ఒక్కొక్కటిగా వ్రేళ్లతో నెట్టుచు చూచును. తుదకు ఏడంగుళముల ప్లేటొకటి చంకను బెట్టుకొని, రాజ్యము గెలిచినవానివలె బయటికి వచ్చును. అతడు వెదకినది శాస్త్రీయ సంగీతము కాదు. సినిమా పాటయు కాదు. ‘హార్డ్‌కోర్ పంక్’ అను పేరుగల, మన యిండ్లలో అంతగా వినబడని, ఒక కరకు సంగీతము. నేనును ఆ జాతివాడనే గనుక ఆ వేటనుగురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇదేమి వింత వ్యసనమని నవ్వువారు తమ యింటి పెద్దల నొకసారి అడిగి చూడవలెను. మద్రాసు సెంట్రల్ స్టేషను ప్రక్కనుండిన మూర్ మార్కెట్టు, 1985లో అగ్నికి ఆహుతి యగువరకు, పాత పుస్తకములకును పాత గ్రామఫోను ప్లేట్లకును పేరుపడిన చోటు. నాటకపు పద్యముల ప్లేటుకొరకు, హరికథ ప్లేటుకొరకు అచ్చట గంటల తరబడి వెదకిన తెలుగువారు ఉండిరి. ఆనాటి ప్లేట్లు లక్కతో చేసినవి; చేయి జారినచో పగిలిపోయెడివి. 1948లో అమెరికాలో వినైల్ అను ప్లాస్టిక్కుతో చేసిన నిడుపాటి ప్లేట్లును, 1949లో ఏడంగుళముల చిన్న ప్లేట్లును వెలువడిన పిమ్మట లక్క ప్లేటు క్రమముగా మరుగున పడినది. నేను చెప్పబోవు వేట హెచ్చుగా ఆ చిన్న ప్లేటునకు సంబంధించినది. వేటగాని మనస్సు మాత్రము మూర్ మార్కెట్టు నాటిదే.

పంక్ సంగీతము 1970 దశకము నడుమ న్యూయార్కు, లండను నగరములలో తలయెత్తినది. గిటారుమీద మూడు మీటులు నేర్చినవా డెవడైనను వేదిక యెక్కవచ్చునను ధైర్యమే దాని ప్రాణము. పెద్ద రికార్డు కంపెనీలు కొన్ని బృందములను త్వరలోనే చేరదీసి, కొంత సాధుపరచి, అమ్మసాగినవి. అప్పుడు కాలిఫోర్నియా సముద్రతీరమునను, అమెరికా రాజధానియైన వాషింగ్టనులోను కొందరు పిల్లలు ఆ సంగీతమును మరింత వేగముగా, మరింత కరకుగా వాయించుట మొదలిడిరి. పిల్లలనియే అనవలెను, వారిలో పలువురు ఇరువదేండ్లు నిండనివారు. పాట ఒక నిమిషము. మించినచో రెండు నిమిషములు. పల్లవి వచ్చినదో లేదో తెలియకముందే పాట ముగిసిపోవును. గాయకుడు పాడడు, అరచును. అదియే హార్డ్‌కోరు. వినసొంపుగా నుండునని నేను మాట యియ్యజాలను. మా యింట ఇది మ్రోగిన దినమున పొరుగింటివారు వచ్చి, రేడియో చెడిపోయినదా యని పరామర్శించి పోయిరి.

ఇట్టి సంగీతమును అచ్చొత్తుటకు పెద్ద కంపెనీ ముందుకు రాదు. ఆ పిల్లలే తమ ప్లేట్లను తాము చేసికొనవలసి వచ్చినది. ఇందు రేడియో గల యిండ్లవారికి నచ్చు సంగతి యొకటి కలదు. లాస్ ఏంజిలిస్ దాపున హెర్మోసా బీచి అను ఊరున్నది. అచ్చట గ్రెగ్ గిన్ అను బాలుడు 1966లో, పండ్రెండేండ్ల వయస్సున, రేడియో సామగ్రిని తపాలా మూలమున అమ్ము వ్యాపారము పెట్టెను. ఇంటిలో యంత్రము పెట్టుకొని దూరదేశములవారితో మాటలాడు ‘హామ్’ రేడియో ఔత్సాహికులు అతని ఖాతాదారులు. ఆ వ్యాపారము పేరు ‘సాలిడ్ స్టేట్ ట్యూనర్స్’. అతడే పెరిగి పెద్దవాడై ‘బ్లాక్ ఫ్లాగ్’ అను బృందమును కట్టెను. వారి తొలి పాటలను అచ్చువేయుటలో ఆలస్యము జరుగగా, టెలిఫోను డైరెక్టరీ తెరచి, ప్లేట్లచ్చువేయు కర్మాగార మెక్కడున్నదో వెదకి, తానే అచ్చువేయించెను. కంపెనీకి పేరు కావలసివచ్చినప్పుడు పాత వ్యాపారపు పొడియక్షరములనే పెట్టెను: ఎస్.ఎస్.టి. అట్లు 1979లో వెలువడిన ‘నెర్వస్ బ్రేక్‌డౌన్’ అను ఏడంగుళముల ప్లేటు ఆ కంపెనీకి మొదటిది. నాలుగు పాటలు, అన్నియు కలిపి అయిదు నిమిషములు దాటీదాటని నిడివి.

వాషింగ్టను పిల్లల కథ ఇంకను ముచ్చటైనది. ‘టీన్ ఐడిల్స్’ అను బృందమువారు కచేరీలలో వచ్చిన సొమ్మును ఒక చుట్టలపెట్టెలో దాచుచు వచ్చిరి. 1980లో బృందము చెదరిపోవునాటికి పెట్టెలో ఆరువందల డాలర్లకు పైగా చేరినది. పంచుకొనుటా, ప్లేటు వేయించుటా అను ప్రశ్న వచ్చినది. ప్లేటే వేయించిరి. వేయి ప్రతులు వచ్చినవి. అట్టతొడుగు లెట్లు చేయవలెనో వారికి తెలియదు. ఇంగ్లండునుండి వచ్చిన ప్లేటొకదాని తొడుగును జాగ్రత్తగా విప్పి, నేలమీద పరచి, దాని ఆకారము గీచికొని, అచ్చాఫీసులో కాగితముల నచ్చువేయించిరి. పిదప ఇంటిలో స్నేహితులందరు కూర్చుండి కత్తెరలతో కత్తిరించి, మడిచి, జిగురంటించిరి. ఆ యింటిలో పుట్టిన కంపెనీ ‘డిస్కార్డ్’. ఇయన్ మకాయి, జెఫ్ నెల్సన్ అను ఆ పిల్లలు ఇప్పుడు అరువదేండ్లు దాటినవారు. కంపెనీ ఇంకను నడచుచున్నది. వారు పిమ్మట చేరిన ‘మైనర్ థ్రెట్’ బృందపు తొలి ప్లేటు 1981లో వెలువడెను. మెట్లమీద కూర్చుండి, మోకాళ్లపై తల వాల్చుకొన్న గుండుబోడి కుఱ్ఱవాని బొమ్మ దానిమీద నుండును. ఒక్కొక్క అచ్చునకు ఒక్కొక్క రంగు అట్ట. ఆ రంగులను వల్లించు వేటగాండ్రను నేను చూచితిని; పంచాంగములో తిథివార నక్షత్రములవలె చెప్పుదురు.

వేయి ప్రతులే ఎక్కువ. మిచిగన్ రాష్ట్రమున లాన్సింగ్ అను ఊరిలో 1979లో ‘టచ్ అండ్ గో’ అను చిన్న పత్రిక పుట్టినది. రెండేండ్లకు అదే పేరుతో ప్లేట్లు వచ్చినవి. వారి మొదటి ప్లేటు ‘నెక్రోస్’ అను బృందమువారిది: నూరు ప్రతులు. రెండవది ‘ది ఫిక్స్’ అను బృందమువారిది: రెండువందల ప్రతులు. మన యూరి పెండ్లి శుభలేఖలు ఇంతకంటె ఎక్కువ పడును. అందు కొన్ని పోయినవి, కొన్ని గీతలు పడినవి, కొన్ని ఎండలో వంగినవి. మిగిలినవి ఏ యింటి అటకమీద నున్నవో!

ఈ వేట ప్రయాణముతో ముడిపడుటకు కారణ మిచ్చటనే యున్నది. పెద్ద కంపెనీ ప్లేటు లక్షల సంఖ్యలో అచ్చుపడి, అన్ని ఊళ్లకు రైళ్లమీద, ఓడలమీద చేరును. రెండువందల ప్లేటు పుట్టినవూరు దాటి పోదు. కచేరీకి వచ్చినవారు కొందురు; ఊరిలోని ఒకటిరెండు అంగళ్లలో కొన్ని పెట్టుదురు; పరదేశమునుండి ఉత్తరము వ్రాసినవారికి తపాలాలో నాలుగు పోవును. కనుక ఆ ప్లేటు నేటికిని దొరకవలసిన చోటు ఆ యూరే. చీరలకు వేంకటగిరివలె, ఒక్కొక్క కేకకు ఒక్కొక్క ఊరున్నది.

ఇంకొక విశేషము. ఈ సంగీతమున అంగడి అమ్మకపు చోటు మాత్రమే కాదు; పెక్కుసారులు పుట్టినిల్లు. ఇంగ్లండులో స్టోక్ ఆన్ ట్రెంట్ అను నగరము పింగాణి పాత్రలకు ప్రసిద్ధి. అచ్చట మైక్ స్టోన్ అను రికార్డుల వర్తకుడు తన యూరి బృందమైన ‘డిస్‌ఛార్జ్’ పాటలను తానే అచ్చువేయించెను. మట్టిపాత్రల ఊరికి తగినట్లు కంపెనీ పేరు ‘క్లే’, అనగా బంకమట్టి. 1980లో వచ్చిన ‘రియాలిటీస్ ఆఫ్ వార్’ దాని మొదటి ప్లేటు. యుద్ధమును ద్వేషించు పొట్టి పాటలు, గుఱ్ఱపు డెక్కలవంటి డోలు దెబ్బ. ఆ దెబ్బ స్వీడనుకును, ఫిన్లండుకును, జపానుకును పోయి, అక్కడి పిల్లల చేతులలో ఒక సంప్రదాయమై నిలిచినది. పింగాణిపాత్రలు పోయినంత దూరము ఆ పాటలును పోయినవి.

వాషింగ్టనునకు సమీపముననున్న రాక్‌విల్ అను ఊరిలో 1977 మొదలు 2002 వరకు ‘యెస్టర్‌డే అండ్ టుడే’ అను అంగడి యుండెను. దాని యజమానియైన స్కిప్ గ్రాఫ్ మున్ను రేడియోలో ప్లేట్లు వేసినవాడు. టీన్ ఐడిల్స్ పిల్లలను ఒక యింటి నేలమాళిగలోని చిన్న రికార్డింగు గదికి తీసికొనిపోయినవాడు అతడే. ఇయన్ మకాయి ఆ యంగడిలో పనిచేసినవాడు. గ్రాఫ్ 2019లో గతించెను. నేడు రాక్‌విల్ పోయినవానికి ఆ యంగడి దొరకదు.

అట్లాంటిక్కు సముద్రమునకు పశ్చిమమున బ్రెజిలు దేశమునందును ఇదే తీరు. సావ్ పావులో నగరపు నడిబొడ్డున, 1963లో తెరచిన ఒక వర్తక భవనమున్నది. అలలవలె వంపులు తిరిగిన అంతస్తులు, అంతస్తంతస్తునకు చిన్నచిన్న కొట్లు. రికార్డుల కొట్లు ఎక్కువై, జనులు దానిని ‘గలెరియా దో రాక్’ అని పిలువసాగిరి. ఆ నగరమున ‘పంక్ రాక్ డిస్కోస్’ అను అంగడి నడపిన ఫాబియో అను నతడే ‘ఓల్యు సేకు’ అను బృందమున గాయకుడు. 1982లో ఆ యంగడివారే మూడు బృందముల పాటలు చేర్చి ‘గ్రితో సుబుర్బానో’ అను ప్లేటు వేసిరి. శివారు పేటల కేక అని దాని యర్థము. అప్పుడు ఆ దేశము సైనిక పరిపాలన క్రింద నున్నది; 1985 వరకు ఉండెను. పగలంతయు కర్మాగారములలో పనిచేయు పేటల పిల్లలు సాయంకాలము ఒక రికార్డుల కొట్టు ముంగిట గుమిగూడుట యనగా ఏమో ఊహించుకొనుడు. నేడా భవనమున చొక్కాలు, బూట్లు అమ్ము కొట్లే హెచ్చు. ఐనను మెట్లెక్కిన కొలది ప్లేట్ల పెట్టె లింకను కనబడును.

ఇక అంగడిలో ప్రవేశించిన పిమ్మట చేయవలసిన పని. గోడమీద వ్రేలాడదీసినవి చూచి మురిసి పోవలయునేగాని, వానిజోలికి పోరాదు. అవి యజమాని ఎరిగినవి; వెల నిర్ణయించి పెట్టినవి. అక్షరక్రమమున నున్న పెట్టెలను తరువాత చూడవచ్చును. మొదట చూడవలసినవి ‘క్రొత్తగా వచ్చినవి’ అను చీటి అంటించిన పెట్టె, నేలమీద గోడవారగా నున్న చౌక పెట్టెలు. ఎవడో ఇల్లు ఖాళీచేసి, తెచ్చి కుప్పపోసిన వానిలోనే ఊరి సొత్తుండును. మోకాళ్లమీద కూర్చుండక తప్పదు. నడుము నొప్పి ఈ వృత్తికి సహజాలంకారము.

ప్లేటు దొరకినచో అట్టను చూచి మోసపోరాదు. లోనిది బయటికి తీసి, అంచులను మాత్రమే పట్టుకొని, దీపము క్రింద వంచి చూడవలెను. వెలుగు గాడులమీద జారునప్పుడు గీత లున్నచో కనబడును. పిదప నడిమి కాగితపు బిళ్లకును, కడపటి గాడికిని నడుమ పాటలేని నల్లని వలయ మొకటుండును. అచ్చున కాధారమైన మూలపు ప్లేటును కోసినవాడు ఆ వలయముమీద సూదితో గుర్తుసంఖ్యను గీయును. దానినిబట్టి ఇది ఏ అచ్చో తెలియును. హార్డ్‌కోరు పిల్లలు సంఖ్యతో తృప్తిపడక, అచ్చట హాస్యపుమాటలు, స్నేహితులకు కబురులు గీయించుట వాడుక. కొనినవాడు దీపము వెలుగున త్రిప్పి త్రిప్పి చదువుకొనును. తాళపత్ర గ్రంథపు చివర లేఖకుడు వ్రాసికొన్న మాటలవంటివి అవి. నాకు పాటకంటె ఆ గీతలే హెచ్చు ప్రీతి కలిగించిన ప్లేట్లును కలవు.

ఆ వలయముతో మరియొక ప్రయోజన మున్నది. వెల పెరిగిన వస్తువునకు దొంగ నకలు పుట్టక మానదు. అసలు అట్టను ఫోటో తీసి నకలు వేసినప్పుడు చిన్న అక్షరములు ఉబ్బి మొద్దుబారును. బొమ్మలో నీడలు నల్లని ముద్దలగును. అట్టలో తెలియనిచో వలయములో తెలియును. మొదటి అచ్చులో చేతితో గీచిన గుర్తు వంకరటింకరగా నుండి, నకలులో వేరొకరి దస్తూరితో నుండుటయో, అసలే లేకుండుటయో తరచుగా చూడవచ్చును. అంగడివాని నడుగుటలో అవమాన మేమియు లేదు. మంచివర్తకుడు తానే చెప్పును.

ఈ విషయమున జపాను వర్తకుల పద్ధతిని మెచ్చుకొనక తప్పదు. టోకియోలో ‘డిస్క్ యూనియన్’ అను పేరుగల అంగళ్లు అనేకములు. జాజుకు వేరు, శాస్త్రీయసంగీతమునకు వేరు, పంక్‌కు వేరు. ప్రతి ప్లేటునకు స్వచ్ఛమైన ప్లాస్టిక్కు తొడుగు. దానిమీద చిన్న చీటి. ప్లేటు మీది గీత, అట్టమీది మరక, మూలన నలిగిన మడత, అన్నియు ఆ చీటిలో నుండును. అట్టచుట్టు వెన్నువైపున ‘ఓబి’ అను కాగితపు పట్టీ యుండును. అక్కడి స్త్రీలు కిమోనోపై కట్టు నడికట్టు పేరది. పాట ఒక్క అక్షరము మారకున్నను, ఆ పట్టీ ఉన్న ప్లేటునకు ఒక వెల, లేనిదానికి ఒక వెల. ఇది కొంచెము విపరీతమని నా యభిప్రాయము. టోకియోలోనే కోయెంజి అను పేటలో పాతబట్టల కొట్ల నడుమ, ఇరుకు మెట్లెక్కి పోవలసిన చిన్న సంగీతపు కొట్లు కలవు. ‘గిజమ్’, ‘ది కమ్స్’ మొదలగు జపాను బృందముల 1983నాటి ప్లేట్లకై యూరపునుండి, అమెరికానుండి వేటగాండ్రు అక్కడికి వత్తురు. కాగితమువలె వంగు పలుచని ‘సోనోషీటు’ లనునవియు అక్కడ ఉండును. చౌకగా అచ్చువేయవచ్చునని బీదబృందములు వానిని ఎన్నుకొనెడివి. వినగా వినగా అరిగిపోవును. అరుగనిది దొరికినదన్నచో ఎవడో విననిదన్నమాట!

వెల మాట వచ్చినది గనుక ఇక దాటవేయరాదు. ఈ ప్లేట్లు చేసినవారు వెలనుగురించి గట్టి పట్టుదల గలవారు. ఇంగ్లండులోని ‘క్రాస్’ బృందమువారు తమ అట్టలమీద ఇంతకంటె ఎక్కువ ఇయ్యవద్దని వెలతో సహా అచ్చువేసిరి. డిస్కార్డ్‌వారు తపాలాఖర్చుతో కలిపి ఇంత యని అట్టమీదనే తెలిపెడివారు. నడుమ వర్తకుడు హెచ్చుధర పెట్టినచో కొనువాడు పసిగట్టవలెనని వారి యుద్దేశము. ఆ యట్టలే నేడు వందల డాలర్లకు పోవుచున్నవి. పైన చెప్పిన లాన్సింగ్ ప్లేటు వేల డాలర్లకు అమ్ముడైన సందర్భములు కలవు. ‘ఇంతకుమించి ఇయ్యవద్దు’ అను అక్షరముల ప్రక్కనే యాభైరెట్ల ధర చీటి అంటించియుండుట నేను కన్నులార చూచితిని. నవ్వవలెనో, నొచ్చుకొనవలెనో తెలియలేదు.

2000 సంవత్సరమున అమెరికాలో ‘డిస్కాగ్స్’ అను పట్టిక ఇంటర్నెట్టులో వెలసినది. ఏ ప్లేటు ఎప్పుడు అచ్చుపడినది, వలయములో నేమి గీచియున్నది, క్రిందటిసారి ఎంతకు పోయినది, అన్నియు అందు తెలియును. విజ్ఞానమునకది మేలే. కాని ఆ పట్టిక వచ్చిన పిమ్మట మారుమూల ఊరి వర్తకుడును టోకియో ధర చెప్పుచున్నాడు. ఇది చాలక వినైల్ మరల లోకప్రియమైనది. 2022లో అమెరికాలో అమ్ముడైన వినైల్ ప్లేట్ల సంఖ్య కాంపాక్టు డిస్కుల సంఖ్యను దాటినది. అట్లు జరుగుట 1987 తరువాత అదే మొదలు. పెద్ద గాయకుల ప్లేట్లతో కర్మాగారములు నిండిపోయి, అయిదువందల ప్రతులు కోరు చిన్న బృందములు నెలల తరబడి వేచియుండవలసి వచ్చెను.

కేవలము వినుటకే యైనచో ఈ శ్రమ అక్కరలేదు. మైనర్ థ్రెట్‌వారి పాటలన్నియు ఒక్కచోట చేర్చి 1989లోనే వెలువరించిరి. డిస్కార్డ్‌వారు తమ పాతప్లేట్లను మరల మరల న్యాయమైన ధరకు అచ్చువేయుచునే యున్నారు. ఇంటనుండియే వినవచ్చును. కాబట్టి తొలి అచ్చునకై అప్పుచేసి వేల డాలర్లు పోయువానిని నేను వేటగాడనను, అతడు షాహుకారు. ఆ సొమ్ములో నొక్క డాలరును ఆ కత్తెరపట్టి అట్టలు కత్తిరించిన పిల్లలకు చేరదు. ఊరు పోయినప్పుడు ఆ యూరి పిల్లలు మొన్ననో, నిరుడో చేసిన ప్లేటును కొనుట మేలని నా మతము. వెల రెండు పూటల భోజనమునకు మించదు. అట్ట నేటికిని చేతితో మడిచినదే యైయుండును.

ఒక పరదేశపు చిన్న పట్టణమున ముసలి వర్తకుడొకడు, నేను గోడమీది ఘనమైన ప్లేటును తదేకముగా చూచుటను గమనించి, “అయ్యా, దానిని మీరు కొనరు. నాకు తెలియును,” అనెను. “కొనను. చూచుటకు వెల లేదుగదా!” అంటిని. అతడు నవ్వి, బల్లక్రిందినుండి తెల్లని అట్టగల ప్లేటొకటి తీసి, “ఇది మా సందు చివరి యింటి పిల్లలది. నిన్న వారే వచ్చి అయిదు ఇచ్చి పోయిరి. మీరు వినెదరా?” అని అడిగెను. అంగడిలోనే వేసి వినిపించెను. ఇద్దరము తలలూపుచు వింటిమి. ఆరు పాటలు, ఏడు నిమిషములు. నా సంచిలో నేడున్న ప్లేట్లలో ఇతరులెవ్వరును అడుగనిది అదియే. నేను తరచుగా వేసికొనునదియు అదియే.

ఏ యూరిలో ఏ అంగడి యున్నదో పరదేశి కెట్లు తెలిసెడిదని మీరడుగవచ్చును. ఇందు రేడియో చేసిన మేలు గొప్పది. కాలిఫోర్నియాలోని బర్క్లీ నగరమున కె.పి.ఎఫ్.ఎ. అను రేడియో కేంద్రము కలదు. 1949 మొదలు శ్రోతల చందాలతో నడచుచున్నది. 1977లో టిమ్ యొహానన్ అను నతడు అచ్చట ‘మాక్సిమమ్ రాక్ ఎన్ రోల్’ అను వారపు కార్యక్రమమును ఆరంభించెను. దేశదేశముల పిల్లలు తమ ప్లేట్లను అతనికి తపాలాలో పంపెడివారు. 1982లో ఆ రేడియో కార్యక్రమము పత్రికయై, 2019 వరకు అచ్చులో వెలువడెను. ఫిన్లండు నుండి, బ్రెజిలు నుండి, ఇటలీ నుండి వచ్చిన ఉత్తరములు, ప్లేట్లపై విమర్శలు, చిరునామాలు అందు నిండియుండెడివి. ఆ చిరునామాలే వేటగానికి పటము. యొహానన్ 1998లో మరణించెను. అతడు కూడబెట్టిన వేలకొలది ప్లేట్ల అట్టల అంచులకు పచ్చని టేపు అంటించియుండును. ఎవడైన ఎత్తుకొనిపోయినచో ఎక్కడిదో తెలియుటకు. ఇంగ్లండున బి.బి.సి.లో జాన్ పీల్ అను ప్రయోక్త 2004లో చనిపోవువరకు రాత్రివేళ ఇట్టి ప్లేట్లను వేసెడివాడు. పల్లెటూరి పిల్లవాడు దుప్పటి క్రింద రేడియో పెట్టుకొని విని, పేరు వ్రాసికొని, శనివారమునాడు బస్సెక్కి పట్టణపు అంగడికి పోయెడివాడు.

కొన్నదానిని ఇల్లు చేర్చుట వేరొక విద్య. విమానములో సామానుతో పాటు వేయరాదు, చేతిసంచిలోనే యుండవలెను. ప్లేటును అట్టలోనుండి తీసి, పలుచని కాగితపు సంచితో అట్టకు వెనుక నుంచి, రెండింటిని గట్టి అట్టముక్కల నడుమ కట్టవలెను. లోననే ఉంచినచో కుదుపులకు ప్లేటంచు అట్ట కుట్టును చీల్చును. ఎండలో నిలిపిన కారులో అరగంట మరచినచో ప్లేటు అప్పడమువలె వంపు తిరుగును. సుంకపుటధికారి ఇదేమని అడిగినచో సంగీతమనవలెను. వినిపింపుమని అడుగకున్న అదృష్టము.

ఇల్లు చేరిన పిదప మెత్తని బట్టతో దుమ్ము తుడిచి ముల్లు పెట్టవచ్చును. అయితే ఈ ప్లేట్లలో చాలవానిమీద నిమిషమునకు 33 చుట్లో, 45 చుట్లో వ్రాసియుండదు. పిల్లలు మరచియుందురు. ఏ వేగమున వేసినను హోరు హోరే గనుక చెవితో నిశ్చయించుట సులభము కాదు. నేను మొదట 45లో వేసెదను. గాయకుడు ఎలుకవలె కీచుమన్నచో 33కు మార్చెదను. రెండింటను బాగుగనే యున్న ప్లేటొకటి నాయొద్ద నున్నది. దాని సరియైన వేగ మేదో నేటివరకు తేలలేదు.